నడుం తొక్కేవాళ్ళు లేని ఇంట్లో

ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకి ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. ఎవరికి నడుం పట్టేసినా ముందు వాళ్ళింటికే కబురు వెళ్ళేది. నొప్పి పుట్టినాయన అరుగు మీదో చాప మీదో బోర్లా పడుకుంటే, ఎదురుకాళ్ళ మనిషి వచ్చి మూడుసార్లు కాలు తాకించో, మెల్లగా తొక్కో, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. చిన్నపిల్లాడైతే మరీ మంచిది, బరువు తక్కువ. కాళ్ళు ముందుగా లోకంలోకి వచ్చాయి గనక ఆ కాళ్ళకి ఏదో మహిమ ఉంటుందని నమ్మకం. మహిమ మాట ఎలా ఉన్నా, బిగుసుకుపోయిన కండ మీద ఓ మోస్తరు బరువు పడితే ప్రాణం లేచొచ్చినట్టుండడం మాత్రం నిజం.

ఇప్పుడు ఆ వైద్యులు దొరకడం కష్టం. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని స్కానింగులో తేలితే డాక్టర్లు చాలావరకు సిజేరియన్ చేసేస్తున్నారు. ఇక మామూలు కాళ్ళవాళ్ళ సంగతి చూద్దామా అంటే, "ఒరే, ఇలా వచ్చి కాసేపు నడుం తొక్కరా" అని తాతగారు పిలిస్తే పలకాల్సిన మనవడు ఏ డల్లాస్‌లోనో ఉంటాడు. అక్కడ ఆ మనవడికీ నడుంనొప్పే. ఆ ఊళ్ళో అతని నడుం తొక్కేవాళ్ళూ లేరు. మనిషి చెయ్యి మనిషికి ఒంట్లో అన్ని చోట్లకీ సరిగ్గా అందదు, అందని చోట్లలో నడుము ఒకటి. అందినా పట్టు దొరకదు. అలా ఒంటరిగా మిగిలినవాళ్ళకి ఆసరా అయినవి రెండు: ఇంటి గోడ, పిల్లలు ఆడుకునే బంతి.

ఈ నొప్పి బారిన పడేవాళ్ళు తక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో భూమ్మీద 61.9 కోట్ల మంది నడుంనొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందట. పని చెయ్యలేని స్థితికి మనిషిని తెచ్చే జబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద దీనిదే పెద్దపీట. కూలీ, యజమాని తేడా దీనికి లేదు. నాట్ల రోజుల్లో ఆడకూలీలు పొద్దుట మడిలోకి దిగితే వంగిన నడుం వంగినట్టే ఉండి గట్టు నుంచి గట్టుకి వెనక్కి నడుస్తారు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒళ్ళో చేట పెట్టుకుని నేలమీద గంటల తరబడి కూర్చుంటారు. పోచంపల్లి గుంటమగ్గం మీద నేతగాడి కాళ్ళు గుంటలో ఉంటాయి, ఒళ్ళు నూలు మీదికి వాలి ఉంటుంది. మాదాపూర్‌లో ఏసీ గదిలో, ఖరీదైన కుర్చీలో కూర్చున్న కుర్రాడి ఒళ్ళూ ముందుకే వాలి ఉంటుంది, ఎదురుగా మగ్గానికి బదులు లాప్‌టాప్. ఆల్ఫ్ నాచెమ్సన్ అనే స్వీడన్ డాక్టరు 1960ల్లో మనుషుల వెన్నుపూసల మధ్యనుండే డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. ముందుకు వంగి కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పటికంటే ఆ ఒత్తిడి బాగా పెరుగుతుందని ఆయన కొలతల్లో తేలింది.

ఇంతమందిని పీడించే ఈ నొప్పికి పదింట తొమ్మిది సార్లు ఫలానాదే కారణమని వేలు పెట్టి చూపించడం డాక్టర్లకే సాధ్యం కాదు. ఎముక విరిగి ఉండదు, కణితి ఉండదు, చీము ఉండదు. కండరాలు, కీళ్ళు, వాటిని కట్టి ఉంచే నారలు, వాటి మీద కాపలా కాసే నరాలు అన్నీ కలిసి గోల చేస్తుంటాయి. మన చేతికి, బంతికి లొంగేది ఈ రకం నొప్పే. తక్కిన ఆ ఒక వంతు సంగతి వేరు, దాని మాట తర్వాత.

నడుం దగ్గర వెన్నుపూసలు ఐదు. ఆ పూసలకి అటూ ఇటూ రెండు తాళ్ళు పేనినట్టుగా నిలువుగా పోయే కండరాలుంటాయి. వీపు మీద చెయ్యి వేసి ముందుకు వంగి లేస్తే అవి వేళ్ళ కింద ఉబ్బడం ఎవరికైనా తెలుస్తుంది. వాటి పక్కనే, చివరి పక్కటెముక నుంచి తుంటి ఎముక దాకా మరో కండరం. ఒక కాలి మీద బరువు వేసి వంటగట్టు దగ్గర నిలబడేవాళ్ళకి, బిడ్డని ఒక పక్కనే చంకనెత్తుకునేవాళ్ళకి సలిపేది చాలాసార్లు ఇదే. ఇంకాస్త కిందికి దిగితే పిరుదు కండరాలు. నడుంనొప్పికి వీటి వాటా చాలామందికి తెలీదు. నొప్పి పైన తెలుస్తుంది, ముడి కింద ఉంటుంది. అందుకే నడుం మీద డబ్బా బాము అరగదీసినా తగ్గని నొప్పి, పిరుదు మీద సరైన చోట ఒత్తగానే సడలుతుంది. ఆ సరైన చోటు ఎక్కడో కనుక్కోవడం తేలిక. నర్సు సూదిమందు పొడవడానికి వెతికే చోటే అది, పిరుదులో పైన, బయటి వైపు.

ఒత్తితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్నదానికి ఒక ముచ్చటైన సమాధానం 1965లో వచ్చింది. మోచెయ్యి గడపకి కొట్టుకుంటే రెండో చెయ్యి ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అక్కడ రుద్దుతుంది. పుట్టిన ప్రతి మనిషీ చేసే ఈ పనికి శాస్త్రం ఏమిటని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ఆలోచించారు. స్పర్శ కబురు, నొప్పి కబురు రెండూ వెన్నుపాములోకే వస్తాయి. స్పర్శ కబురు లావుపాటి నరాల మీద వేగంగా వస్తుంది, నొప్పి కబురు సన్నటి నరాల మీద నెమ్మదిగా వస్తుంది. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ ఎక్కువైతే అది నొప్పికి అడ్డు పడుతుందనీ వాళ్ళు ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత చాలా సవరణలు వచ్చాయి గానీ అసలు ఊహ నిలబడింది. ఒత్తిన చోట కండ మెత్తబడుతుంది, మనిషి ఊపిరి నెమ్మదిస్తుంది, భయం తగ్గుతుంది. నడుంనొప్పిలో భయానిది చిన్న పాత్రేం కాదు. మళ్ళీ పట్టేస్తుందేమోనని బిగబట్టుకుని నడిచేవాడి నడుం ఇంకా బిగుస్తుంది.

తెలుగువాళ్ళ నడుంనొప్పి గురించి రాస్తూ పసుపుపచ్చ సీసాని దాటి పోవడం అన్యాయం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ సీసాల మీద వచ్చిన డబ్బే 1908లో ఆంధ్రపత్రికని పుట్టించింది, 1924లో భారతి మాసపత్రికని పెట్టించింది. అంటే తెలుగు సాహిత్యానికి కొన్ని దశాబ్దాలు పోషణ దొరికింది జనం తలనొప్పులు, నడుంనొప్పుల మీదనే. ఇలాంటి బాముల్లో ఉండే మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం లాంటివి కండరంలో ఉన్న తప్పుని సరిచెయ్యవు. చర్మంలో చలువని, వేడిని పసిగట్టే నరాల కొసలని మేల్కొలిపి అసలు నొప్పి మీది నుంచి దృష్టి మళ్ళిస్తాయి. మెంథాల్ చల్లగా ఎందుకనిపిస్తుందో, మిరపకాయ ఎందుకు మండుతుందో చెప్పే గ్రాహకాలని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మెంథాల్ రహస్యాన్ని విడిగా ఛేదించిన ఆర్డెమ్ పటపూటియన్ ఆయనతో ఆ బహుమతి పంచుకున్నాడు.

సరే, బంతి దగ్గరికి వద్దాం.

బంతి అంటే గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి. కార్కు బంతి జోలికి పోకూడదు, అది ఒత్తదు, పొడుస్తుంది. గోడకి వీపు పెట్టి, పాదాలని గోడకి ఒక అడుగు దూరంగా ముందుకు జరిపి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలి. బంతిని నడుముకీ గోడకీ మధ్య పెట్టాలి, వెన్నెముక మీద మాత్రం కాదు. వెన్నెముక నుంచి రెండు వేళ్ళ వెడల్పు పక్కకి జరిగితే కండ తగులుతుంది, బంతి ఉండాల్సింది అక్కడ. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం వంచుతూ లేపుతూ ఉంటే బంతి పైకీ కిందికీ దొర్లుతుంది. దొర్లుతూ దొర్లుతూ ఒకచోటికి రాగానే "అబ్బా" అనిపిస్తుంది. అక్కడ ఆగాలి. పళ్ళు బిగించకుండా, ఊపిరి బిగబట్టకుండా, అర నిమిషం సేపు గోడ మీదికి వాలాలి. నొప్పి పెరగకుండా మెల్లగా కరగడం మొదలైతే సరైన చోటు దొరికినట్టే. ఒక్కో పక్కకి రెండు మూడు నిమిషాలు చాలు. గోడకి సున్నం ఊడుతుందని ఇంట్లోవాళ్ళు కోప్పడితే మధ్యలో పాత తువ్వాలు వేసుకోవచ్చు. బంతి జారిపోకుండా ఉండడానికీ తువ్వాలు పనికొస్తుంది.

ఎంత గట్టిగా ఒత్తాలన్నది అందరూ తప్పటడుగు వేసే చోటు. నొప్పికి నొప్పే మందని తెలుగువాళ్ళకి గట్టి నమ్మకం. మాలిష్ చేసేవాడు కళ్ళనీళ్ళు తెప్పిస్తేనే డబ్బులు గిట్టుబాటైనట్టు లెక్క. అది దండగ నమ్మకం. ఒత్తుతున్నప్పుడు పక్కవాళ్ళతో మామూలుగా మాట్లాడగలిగితే ఆ ఒత్తిడి సరిపోయినట్టు. మాట ఆగిపోయి మొహం చిట్లితే కండ ఆత్మరక్షణ కోసం ఇంకా బిగుస్తుంది, మర్నాడు కమిలిన నొప్పి అదనం. పక్కటెముకలకి సరిగ్గా దిగువన, ఇరుపక్కలా లోపల మూత్రపిండాలుంటాయి. అక్కడ బంతి మీద బరువంతా వెయ్యడం తెలివైన పని కాదు.

రెండు బంతులుంటే మరో మార్గం ఉంది. రెండింటినీ ఒక పాత మేజోడులో వేసి ముడి కడితే, రెండు బంతుల మధ్య చిన్న సందు మిగులుతుంది. గోడకి వాలినప్పుడు వెన్నెముక ఆ సందులో కూర్చుంటుంది, బంతులు చెరో పక్కన కండ మీద పడతాయి. పూసల మీద ఒత్తిడి పడుతుందన్న బెంగ లేదు. రెండు పక్కలా ఒకేసారి బిగుసుకుపోయేవాళ్ళకి, అంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకీ ఎక్కువ దూరం బండి నడిపేవాళ్ళకీ, ఇది బాగా నప్పుతుంది.

పిరుదుకి కూడా గోడే మంచిది. పక్కకి తిరిగి, ఇందాక చెప్పిన సూదిమందు చోటు మీద బంతి ఉంచి, వాలాలి. అలవాటైనవాళ్ళు నేలమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బంతిని ఒక పిరుదు కింద పెట్టుకుంటారు. ఒళ్ళంతా బంతి మీదికి వస్తుంది గనక ఇది కాస్త ఘాటుగా ఉంటుంది. దీంట్లో ఒక జాగ్రత్త ఉంది. పిరుదు మధ్యలో, లోతుగా, తొడ వెనక నుంచి పాదం దాకా పోయే సయాటిక్ నరం ఉంటుంది. ఒత్తుతుంటే కాలు కిందికి జివ్వుమని కరెంటు కొట్టినట్టయితే బంతి కండ మీద లేదు, నరం మీద ఉంది. వెంటనే బయటి వైపుకి జరపాలి.

బంతి కూడా అక్కర్లేని పద్ధతి ఆఫీసు కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు. రెండు చేతులూ నడుం మీద పెట్టి దబాయించేవాళ్ళ భంగిమ ఉంటుంది కదా, అదే. నాలుగు వేళ్ళు ముందుకి, బొటనవేళ్ళు వెనక్కి. తుంటి ఎముక పై అంచుకి కాస్త ఎగువన బొటనవేళ్ళు దిగబడే మెత్తటి చోటు ఉంటుంది. అక్కడ ఒత్తుతూ ఒళ్ళు మెల్లగా అటూ ఇటూ వంచాలి. కూర్చుని లేచేటప్పుడు పట్టేసేవాళ్ళకి, లేవబోయే ముందు ఒక నిమిషం ఇలా చేసుకుంటే లేవడం సులువవుతుంది. వేళ్ళకి కీళ్ళవాతం ఉన్నవాళ్ళు బొటనవేళ్ళ బదులు పిడికిళ్ళు వాడుకోవచ్చు. నడుం బాగుచేసుకోబోయి వేళ్ళు పోగొట్టుకోకూడదు.

నూనె విషయంలో ఊరికో పక్షం. కొందరు నువ్వుల నూనె అంటారు, కొందరు ఆముదం లేనిదే మాట్లాడరు, కొందరు కొబ్బరినూనెలో కర్పూరం వేసి వేడి చేస్తారు, కొందరు వెల్లుల్లి రెబ్బలు, వాము వేసి కాచి వడగడతారు. నిజానికి చేతికీ చర్మానికీ మధ్య రాపిడి తగ్గించడం నూనె చేసే మొదటి పని. గోరువెచ్చగా ఉంటే హాయి అదనం. ఇంట్లో ఏది ఉంటే అది చాలు. కర్పూరం కలిపిన నూనె మాత్రం పసిపిల్లలకి అందకుండా పెట్టాలి, కడుపులోకి పోతే అది విషం. బంతి వాడేటప్పుడు మటుకు నూనె వద్దు, బంతి జారుతుంది, గోడ పాడవుతుంది. కేరళ పంచకర్మ కేంద్రాల్లో మినప్పిండి ముద్దని నడుం మీద గట్టులా కట్టి లోపల వెచ్చటి తైలం నింపుతారు, దాన్ని కటివస్తి అంటారు. అది ఒక్కడే ఉండి చేసుకునేది కాదు. ఇంట్లో ప్రయత్నిస్తే నూనె మంచంపాలు, పిండి చీమలపాలు.

కాపడం మాత్రం ఇంటి వైద్యాల్లో పరువు నిలబెట్టుకున్నది. దొడ్డుప్పు మూకుడులో వేయించి పాత నూలుగుడ్డలో మూట కట్టి అద్దినా, బాలింతలకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు నడుం మీద ధారగా పోసినా, రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపి ఆనుకున్నా జరిగేది ఒకటే. వేడికి కండ వదులవుతుంది, రక్తం పారుతుంది. కొత్తగా పట్టేసిన నడుముకి వేడి తాత్కాలికంగా ఉపశమనం ఇస్తుందని పరిశోధనలూ ఒప్పుకున్నాయి. పదిహేను ఇరవై నిమిషాల కాపడం తర్వాత బంతి వాడితే సగం శ్రమకే పని జరుగుతుంది. చక్కెర జబ్బు వల్ల స్పర్శ మొద్దుబారినవాళ్ళు ముంజేతి మీద వేడి చూసుకోకుండా కాపడం పెట్టుకోకూడదు, చర్మం కాలినా వాళ్ళకి తెలీదు. బాము రాసి దానిమీదే వేడి సంచి పెడితే బొబ్బలు లేస్తాయి. రక్తాన్ని పలచబరిచే వార్‌ఫరిన్ వాడేవాళ్ళు గాల్తీరియా తైలం ఉన్న బాముల్ని ధారాళంగా పూసుకోకపోవడమే మేలు, మందు ప్రభావం మోతాదు మించవచ్చు.

ఇదంతా చేస్తే నొప్పి పోతుందా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పే అధ్యయనం ఒకటి అమెరికాలోని సియాటిల్ నుంచి 2011లో వచ్చింది. చాలాకాలంగా నడుంనొప్పితో ఉన్న 401 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి శరీర నిర్మాణం లెక్కచూసి లోతైన కండరాలని సడలించే మర్దన, ఒక జట్టుకి కేవలం హాయి కోసం చేసే మామూలు మర్దన, మూడో జట్టుకి ఎప్పటి వైద్యమే. పది వారాలయ్యేసరికి మర్దన జట్లు రెండూ మూడో జట్టుకంటే బాగా కోలుకున్నాయి. ఇంకా ఆసక్తికరమైన సంగతి, లోతైన మర్దనకీ ఉత్త హాయి మర్దనకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇన్ని కండరాల పేర్లు బట్టీపట్టిన నిపుణులకి ఇది కాస్త చేదు కబురే. ఆర్నెల్ల దాకా లాభం నిలిచింది, ఏడాది తిరిగేసరికి చాలావరకు కరిగిపోయింది. పైగా ఆ మర్దన శిక్షణ పొందినవాళ్ళు వారం వారం చేసింది. గోడకి ఆనించిన బంతికి అదే ఫలితాన్ని అంటగట్టడం న్యాయం కాదు. 2015లో 25 పరీక్షల్ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ఇంకా పొదుపుగా మాట్లాడింది. కొద్దికాలం ఊరట ఉంటుంది, ఆ మాటకి ఆధారం కూడా బలమైనదేం కాదు అని తేల్చింది.

కాబట్టి మర్దన ఇచ్చేది వ్యవధి. ఓ గంటో, పూటో నొప్పి వెనక్కి తగ్గుతుంది. ఆ గంటలో మనిషి ఏం చేస్తాడన్న దాని మీదే తర్వాతి కథంతా ఉంది. చాలామంది ఆ హాయిలో మంచమెక్కుతారు. నడుం పట్టేస్తే పదిరోజులు కదలకుండా పడుకోమని పాతకాలం డాక్టర్లు చెప్పేవాళ్ళు కూడా. అమెరికాలో 1986లో 203 మంది రోగులతో చేసిన పరీక్షలో, కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పారు. ఏడు రోజులు పడుకున్నవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ లేదు, పని దినాలు పోవడం తప్ప. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద చేసిన పరీక్ష ఇంకో అడుగు ముందుకు వేసింది. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకుంటూ తిరిగినవాళ్ళే, మంచం పట్టినవాళ్ళకంటే త్వరగా బాగుపడ్డారు.

ఒత్తడానికీ కదలడానికీ మధ్య ఉన్న ఈ పేచీని ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే ప్రముఖమైన నడుం ఒకటి స్వయంగా అనుభవించింది. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి 1944, 1957 మధ్య వీపుకి నాలుగు ఆపరేషన్లు జరిగాయి. అవేవీ నొప్పిని పూర్తిగా తీర్చలేదు. 1955లో ఆయన జానెట్ ట్రావెల్ అనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కండరంలో వేలితో ఒత్తితే చురుక్కుమనే ముడులని, ఒకచోట ముడి పడితే వేరేచోట నొప్పి తెలియడాన్ని జీవితమంతా పరిశోధించినావిడ ఆమె. పిరుదులో ముడికి నడుం సలుపుతుందన్న మాటకి పటాలు గీసి చూపించింది కూడా ఆమే. ఆ ముడుల్లోకి మత్తుసూదులు వేసి, ఊగే కుర్చీలో కూర్చోమని సలహా ఇచ్చింది. కెనెడీ ఊగే కుర్చీ లోకప్రసిద్ధమైంది. 1961లో ట్రావెల్ అధ్యక్షుడి సొంత వైద్యురాలిగా వైట్ హౌస్‌లో అడుగుపెట్టింది, ఆ పదవిలో మొదటి మహిళ.

సూదులతో రోజులు గడుస్తున్నాయి గానీ నడుం బలం పుంజుకోలేదు. ఆ ఏడాది శరదృతువులో హాన్స్ క్రౌస్‌ని పిలిపించారు. ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన ఆయన డాక్టరే కాదు, కొండలెక్కే మొనగాడు. వచ్చి చూస్తే అధ్యక్షుడి పొట్ట, నడుం, తొడ కండరాలు బలహీనంగా, బిగుసుకుపోయి ఉన్నాయి. సూదులు పక్కనపెట్టి వ్యాయామం మొదలుపెట్టించాడు, వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టి మరీ. కొన్ని నెలల్లో కెనెడీ తేలిగ్గా నడవగలిగాడు, పిల్లాణ్ణి ఎత్తుకోగలిగాడు. నడుముకి బిగించే పట్టీని మాత్రం ఆయన వదల్లేదు. 1963 నవంబరు 22న డల్లాస్‌లో కారెక్కినప్పుడూ అది ఒంటి మీదే ఉంది.

మన ఊళ్ళలో మందుల షాపు గోడకి వేలాడే నడుం బెల్టు ఆ పట్టీకి చుట్టమే. దీర్ఘకాల నడుంనొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామానికి, మర్దనకి, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడానికి చోటుంది. బెల్టులని, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ని వాడొద్దని చెప్పింది. స్కానింగు కాగితం చూసి బెదిరిపోయేవాళ్ళ కోసం ఇంకో లెక్క. నడుంనొప్పి లేనే లేనివాళ్ళ స్కాన్లని పోగుచేసి 2015లో చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. "డిస్కు అరిగింది" అన్న మాట విని ఉద్యోగం మానేద్దామా అని ఆలోచించేవాళ్ళు ఈ రెండు అంకెల్నీ ఓసారి తలుచుకోవాలి. జుట్టు నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది.

పదింట ఆ ఒక వంతు సంగతి ఇప్పుడు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా బంతి, బాము, కాపడం అన్నీ వదిలేసి ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వెన్నుపాము దిగువ నరాలు నలిగినప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు కూడా వదలని నొప్పి కలిసి ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయ గురించి తప్పక ఆలోచించాలి. కిందపడ్డాక మొదలైన నొప్పి, అందులోనూ ఎముకలు గుల్లబారిన పెద్దవయసువాళ్ళకి, మర్దనకి లొంగేది కాదు. గర్భిణులు డాక్టరుని అడక్కుండా బంతి ముట్టుకోకూడదు. మూత్రపిండంలో రాయి కూడా నడుంనొప్పి వేషం వేస్తుంది, దాన్ని గుర్తుపట్టడం కొంత తేలిక. కండరం పట్టినవాడు కదిలితే ప్రాణం పోతుందని చలనం లేకుండా పడుకుంటాడు. రాయి ఉన్నవాడు ఏ పక్కకి తిరిగినా కుదురు లేక మంచం మీద పొర్లుతుంటాడు, నొప్పి పక్క నుంచి గజ్జల్లోకి దిగుతుంది.

తక్కిన తొమ్మిది వంతుల వాళ్ళకి, బంతి తీసి అలమరలో పెట్టాక చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. అది ఏమిటో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో లాన్సెట్ పత్రికలో అచ్చువేశారు. ఒకసారి నడుంనొప్పి వచ్చి తగ్గినవాళ్ళని 701 మందిని తీసుకుని, సగం మందిని మెల్లమెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట నడక వైపు నడిపించారు. మధ్యలో ఫిజియోథెరపిస్టు సలహా. నడవనివాళ్ళకి నొప్పి మధ్యస్థంగా 112 రోజుల్లో తిరిగొచ్చింది. నడిచినవాళ్ళకి 208 రోజులు పట్టింది.